శంకరవ్వకు కోళ్ల నోటీసు

డిసెంబరు మొదటి మంగళవారం పొద్దున పదింటికి బిల్ కలెక్టర్ ఒకతను వచ్చి, పాత గని పక్క బస్తీలో శంకరవ్వ ఇంటి తలుపుకు నోటీసు అంటించాడు. అంటించినట్టు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. ఇంట్లో ఉన్నది ఆమె భర్త హనుమండ్లు ఒక్కడే. నడుము దెబ్బతిన్న మనిషి, కుర్చీలోంచి లేచి తలుపు దాకా వచ్చేసరికి వచ్చినవాడు సందు మలుపు తిరిగిపోయాడు. హనుమండ్లు కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదివాడు.

'పట్టణ ప్రకృతి ఉద్యానవనము స్థలములో మీరు అనుమతి లేకుండా పెంచుచున్న 340 (మూడు వందల నలభై) కోళ్లను ఈ నోటీసు అందిన ఏడు దినములలో తొలగించవలెను. లేనిచో మున్సిపల్ సిబ్బంది స్వాధీనపరచుకొందురు. మీరు చెప్పుకొనునది ఏదైనా ఉన్నచో అదే గడువులో లిఖితపూర్వకముగా తెలుపవచ్చును.'

ఆ ఇంట్లో కోళ్లు లేవు. ఎప్పుడూ లేవు. గుడ్లు కావాలంటే మూలమీది కిరాణం నుంచి తెచ్చుకుంటారు. హనుమండ్లు పేరు సరిచూశాడు, ఇంటి నంబరు సరిచూశాడు, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. పదకొండు దాటాక శంకరవ్వ మెడలో దుర్బీన్‌తో, మోకాళ్ల దాకా బురదతో వచ్చింది.

"మూడు నూర్ల నలభై కోళ్లు వెట్టుకొని నాకు ఒక్కనాడన్న గుడ్డు వెట్టినవానే," అన్నాడతను.

శంకరవ్వ కాళ్లు కడుక్కోకుండానే నోటీసు చదివింది. ఆమె చూపు నేరుగా అంకె మీదికి పోయింది. మూడు వందల నలభై. ఆ అంకె ఆమెదే. మూడు వారాల కింద ఒకే ఒక్క మనిషికి చెప్పింది.

శంకరవ్వ పుట్టింది మంథని దగ్గర గోదావరి ఒడ్డు పల్లెలో. బాపు వరి వేసేవాడు. కంకి పాలుపోసుకునే రోజుల్లో మంచె ఎక్కి వడిసెలతో పిట్టలను కొట్టడం ఆమె పని. పిట్టల పేర్లన్నీ ఆమెకు అలా వచ్చినవే. ఏ పిట్ట ఎప్పుడు వస్తుంది, ఏది గింజ తింటుంది, ఏది పురుగు తిని పోతుంది, దేన్ని కొట్టాలి, దేన్ని వదిలేయాలి అన్నది తెలియకపోతే మంచె మీద కూర్చుని లాభం లేదు. పెళ్లయి బొగ్గు పట్నానికి వచ్చింది. ఆ పట్నం బెల్లంపల్లికి బస్సులో గంట దూరం. హనుమండ్లు గనిలో బొగ్గును టబ్బుల్లోకి ఎత్తే పని చేసేవాడు. 1998లో ఒక టబ్బు పట్టాల మీద వెనక్కి జారి అతని నడుమును తన్నింది. కంపెనీ డాక్టర్లు అతన్ని అన్‌ఫిట్ చేశారు. మగపిల్లలు లేరు, ఆడపిల్లలిద్దరూ చిన్నవాళ్లు. ఉద్యోగం భార్యకు వచ్చింది.

ఆమెను ల్యాంపు రూములో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషి అక్కడి కిటికీ దగ్గర నంబరు వేసిన టోపీ దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. షిఫ్టు అయిపోయాక ఏ కొక్కెం ఖాళీగా ఉందో చూసి, ఆ నంబరు మనిషి ఇంకా కిందే ఉన్నాడని ముందుగా చెప్పాల్సింది ల్యాంపు రూము వాళ్లే. పదహారేళ్లలో శంకరవ్వ అలా పదకొండుసార్లు చెప్పింది. చాలాసార్లు దీపం నెత్తిమీదే పెట్టుకుని ఇంటికి పోయిన మతిమరుపు మనుషులు. ఒకసారి మాత్రం దీపం స్ట్రెచర్ మీద మనిషితో కలిసి వచ్చింది. లోపలికి పోయినవి, బయటికి వచ్చినవి సమానమయ్యేదాకా ఆమె లెక్క ముగిసిందని అనదు. ఇప్పటికీ అంతే.

ల్యాంపు రూము వెనక కిటికీ ఒక పల్లపు నేల వైపు ఉండేది. కింద బొగ్గు తీసేశాక పైన భూమి కుంగింది. కుంగిన చోట నీరు చేరింది. జనం దాన్ని కుంగుడు అన్నారు. ప్రమాదం అని కంపెనీ చుట్టూ ముళ్లకంచె వేసింది. గొడ్లు పోలేదు, మనుషులు పోలేదు. తుంగ, జమ్ము, సర్కారు తుమ్మ మొలిచాయి. పిట్టలకు ఏ బోర్డూ అడ్డం రాలేదు. మొదటి షిఫ్టుకు దీపాలు ఇచ్చాక రెండింటి దాకా శంకరవ్వకు పెద్ద పని ఉండేది కాదు. కిటికీలోంచి పిట్టలను చూసేది. జమ్ములోకి ఎన్ని పోయాయి, ఎన్ని తేలాయి అని లెక్కపెట్టేది. షార్జాలో పనిచేసే పెద్దల్లుడు ఒకసారి వస్తూ దుర్బీన్ తెచ్చి ఇచ్చాడు. బంగారం తేలేదని కూతురు అలిగింది కానీ అత్త అలగలేదు.

గని మూతపడింది. శంకరవ్వను పన్నెండు కిలోమీటర్ల అవతలి గనికి మార్చారు. రెండేళ్ల కింద రిటైరయింది. ఈలోపు పట్నం కుంగుడు చుట్టూ పెరిగింది. ఒక పక్క బస్టాండు, ఒక పక్క ప్రైవేటు బడి, ఇంకో పక్క ఫంక్షన్ హాలు. నేల ఇక కదలదని తేల్చి కంపెనీ ఆ ముప్పై నాలుగు ఎకరాలను మున్సిపాలిటీకి అప్పజెప్పింది. మున్సిపాలిటీ ఒక గేటు, గేటు మీద 'పట్టణ ప్రకృతి ఉద్యానవనం' అనే బోర్డు పెట్టి ఏడేళ్లు దాన్ని మర్చిపోయింది. ఊళ్లో బాగుచేయనందువల్ల బాగున్న చోటు అదొక్కటే.

పోయిన వేసవిలో బాగుచేయడానికి అనుమతి వచ్చింది. నీటిలో మూడింట రెండు వంతులు మట్టితో పూడ్చాలి. నడక దారి, ఫౌంటెన్, ఓపెన్ జిమ్ కట్టాలి. మిగిలిన నీటి చుట్టూ సిమెంటు గట్టు పోసి, ఆ గట్టు మీద సిమెంటు కొంగలు నిలబెట్టాలి. ప్లానులో కొంగలు ఆరు.

శంకరవ్వ సోమవారం ప్రజావాణిలో రెండుసార్లు దరఖాస్తు ఇచ్చింది. రెండింటికీ ఒకటే జవాబు, ఒకే వాక్యం. 'అర్జీదారుకు సదరు స్థలముతో ఎటువంటి సంబంధము లేనందున ముగించడమైనది.' ఇరవై ఏళ్లు రోజూ చూసిన చోటుతో తనకు సంబంధం లేదని రాసిన ఆ కాగితాలను ఆమె చింపలేదు. దుర్బీన్ పెట్టెలో పెట్టింది.

ఇక మూడు వందల నలభై సంగతి. నవంబరు మధ్యలో అరుణ్ అనే కుర్ర ఇంజనీరు కుంగుడుకు వచ్చాడు. భైంసా దిక్కు మనిషి, హైదరాబాదులోని ఒక సర్వే కంపెనీలో ఉద్యోగం. మట్టి పోసే ముందు స్థలంలో ఏమేం ఉన్నాయో రాయడం అతని పని. ఆ రోజు అతనికి అది మూడో స్థలం. కొత్త బూట్లు. ఒకప్పుడు టబ్బులను లాగిన పాత హాలేజి ఇంజను దిమ్మె మీద దుర్బీన్‌తో కూర్చున్న ఆడమనిషి కనిపించేసరికి అతనికి ప్రాణం లేచివచ్చింది. నీళ్ల దాకా దిగే పని తప్పింది. ఇక్కడ ఏం పిట్టలుంటాయని అడిగాడు. శంకరవ్వకు అలా అడిగిన సర్కారీ మనిషి అంతకుముందు ఎవరూ లేరు. ఆమె చెప్పింది. బొల్లికోళ్లు రెండు వందల అరవై. జంబుకోళ్లు ముప్పై. నీలికోళ్లు ఇరవై నాలుగు. తామరకోళ్లు పద్నాలుగు. మునుగుడు కోళ్లు పన్నెండు. నీటికాకులు నలభై ఒకటి. ఇంకా చెప్పబోయింది.

"అన్ని కోళ్లేనా అమ్మా?" అన్నాడు అరుణ్, ఫోన్‌లో నొక్కుతూ.

"నీళ్ల జాగ గదా. నీళ్లల్ల కోళ్లే ఎక్కువుంటయి."

"ఎవలు జూస్తరు ఇవిటిని?"

"ఎవలు జూస్తరు, నేనే జూస్త. ఇరవై ఏండ్ల సంది రోజు నేనే జూస్తున్న."

అరుణ్ ఆమె పేరు, ఇంటి నంబరు రాసుకుని దండం పెట్టి వెళ్లాడు. అతని ఫోన్‌లోని ఫారంలో పెంపుడు జీవాల గడి ఒకటి ఉంది. అందులో కోళ్లు, మూడు వందల నలభై. చూసుకునేవారి పేరు, శంకరవ్వ. ఇతరములు అన్న గడిలో కాకులు, నలభై ఒకటి. అడవి జీవాలు అన్న గడిలో ఏమీ లేవు. ఆ ఒక్క ఖాళీ గడి మీదే మున్సిపాలిటీ పని మొత్తం ఆధారపడి ఉంది. అడవి జీవాలు లేవు గనుక అటవీశాఖను అడగాల్సిన పని లేదు. ఉన్నది ఒక రిటైరయిన ఆడమనిషి కోళ్లు. వాటిని తీయిస్తే చాలు.

నోటీసు సంగతి సాయంత్రానికి బస్తీ అంతా తెలిసింది. పక్కింటి సక్కుబాయి నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఆమె పెద్దలు చాందా దిక్కు నుంచి బొగ్గు పనికి వచ్చినవాళ్లు, ఇంట్లో ఇప్పటికీ మరాఠీ మాట్లాడతారు. తమ భాషలో కూడా ఆ నీళ్ల పిట్టను పాణ్‌కోంబడీ అనే అంటారని, అంటే నీటికోడేనని, కాబట్టి నోటీసు రెండు భాషల్లోనూ సరిగానే ఉందని ఆమె తీర్పు చెప్పింది. ఆ రోజు నుంచి పిల్లలు శంకరవ్వను చూసి కొక్కొక్కో అనడం మొదలుపెట్టారు. చికెన్ దుకాణం అతను, టోకున అయితే తనకే ఇవ్వమని అడిగాడు.

సలహా మాత్రం అందరిదీ ఒకటే. నాకు కోళ్లు లేవు, పొరపాటు జరిగింది అని ఒక్క ముక్క రాసిస్తే అయిపోతుంది. హనుమండ్లు అదే అన్నాడు. ఫోన్‌లో కూతుళ్లు అదే అన్నారు. పాత యూనియన్ నాయకుడు మొగిలి కూడా అదే అన్నాడు. గని నడిచిన రోజుల్లో వందల మందికి దరఖాస్తులు రాసిపెట్టిన మనిషి. తెల్ల కాగితం, పెన్ను తీసుకుని తనే వచ్చాడు. శంకరవ్వ చాయ్ పెట్టి ఇచ్చి అతన్ని ఒక సంగతి అడిగింది. ఈ కోళ్ల పంచాయితీ తెగనిదే కాంట్రాక్టరు మట్టి పోయగలడా అని.

మొగిలి ఆలోచించి చెప్పాడు. స్థలంలో ఏ ఆటంకమూ లేదని మున్సిపాలిటీ రాసిస్తే తప్ప కాంట్రాక్టరు పని మొదలుపెట్టడు. కోళ్లు ఆటంకం. కోళ్ల ఫైలు తెరిచి ఉన్నన్నాళ్లు ఆ కాగితం రాదు. ఆమె కోళ్లు లేవని రాసిచ్చిన రోజే ఫైలు మూస్తారు, మరునాడే టిప్పర్లు వస్తాయి.

"అయితె రాయి మొగిలన్నా. కోళ్లు నాయే. తియ్య."

మొగిలి పెన్ను పక్కన పెట్టాడు. అబద్ధం రాసి సంతకం పెడితే రేపు అది మెడకు చుట్టుకుంటుందని, తను ఇన్నేళ్లలో ఎవరికీ తప్పుడు దరఖాస్తు రాయలేదని చెప్పాడు.

"రెండుసార్లు నిజం రాసిచ్చిన. సంబంధం లేదన్నరు. గీ కాగితంల నా పేరున్నది, ఇంటి నంబరున్నది. నేను పెట్టిచ్చుకోలే, వాళ్లే పెట్టిన్రు. ఇప్పుడు సంబంధం ఉన్నట్టా లేనట్టా?"

మొగిలి చాయ్ తాగడం పూర్తిచేసి రాశాడు. జవాబు నాలుగు వాక్యాలు. నోటీసు అందింది. అందులో చెప్పిన మూడు వందల నలభై కోళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నది నేనే. వాటిని తొలగించను. నా మాట స్వయంగా వినాలి. శంకరవ్వ సంతకం చేసి, శుక్రవారం ఆఫీసుకు తీసుకుపోయి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుంది. హనుమండ్లు ఆ రాత్రి ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోయినా అన్నం మాత్రం అడిగి పెట్టించుకున్నాడు.

జవాబు ఇన్‌వర్డ్ సెక్షన్‌లోనే నిద్రపోయింది. దాంతో గడువు దాటిన మరునాడు, బుధవారం పొద్దున ఏడింటికి, మున్సిపాలిటీ వ్యాను కుంగుడు గేటు ముందు ఆగింది. పందులను పట్టే వ్యాను అది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ పరశురాములు, అంజి, మరో ఇద్దరు పనివాళ్లు, రెండు వలలు, చికెన్ దుకాణం నుంచి అడిగి తెచ్చిన ఇరవై ప్లాస్టిక్ డబ్బాలు. పరశురాములు ఆ బస్తీలోనే పుట్టి పెరిగాడు. అతని తండ్రి పదేళ్లు శంకరవ్వ కిటికీ దగ్గరే దీపం తీసుకున్నాడు.

అప్పటికే దిమ్మె మీద కూర్చుని ఉన్న శంకరవ్వను కోళ్లేవని అడిగాడు. ఆమె నీళ్ల వైపు చేయి చూపింది.

చలికి నీళ్ల మీద ఆవిరి లేస్తోంది. నుదుటి మీద సున్నం బొట్టు పెట్టినట్టుండే నల్లటి పిట్టలు రెండు వందలకు పైగా ఈదుతున్నాయి. తామరాకుల మీద పొడుగు వేళ్ల పిట్టలు నడుస్తున్నాయి. జమ్ము అంచున నీలం రంగువి కాడలు పీకి తింటున్నాయి. పరశురాములు చాలాసేపు చూశాడు. వ్యాను దాకా వచ్చింది గనుక, డ్యూటీ డ్యూటీయే గనుక, పట్టమన్నాడు.

అంజి ఒడ్డు నుంచి వల విసిరాడు. పిట్టలు నీటి మీద చప్పుడు చేస్తూ పరుగెత్తి లేచి, అవతలి ఒడ్డున వాలాయి. నలుగురూ అవతలి ఒడ్డుకు నడిచారు. పిట్టలు ఇవతలికి వచ్చాయి. ఒకతను ప్యాంటు మడిచి నీళ్లలో దిగాడు. రెండడుగులకు మోకాలు లోతు, మూడో అడుగుకు నడుము లోతు. వల అంచు పట్టించి బయటికి లాగారు. మునుగుడు కోడి ఒకటి అతనికి చేయందేంత దూరంలో మునిగింది, ముప్పై గజాల అవతల తేలింది. సక్కుబాయి గట్టు మీద కూర్చుని ఇటు, అటు అని చేతులు ఊపుతూ వాళ్లకు సాయం చేసింది. ఆమె చూపినవైపు ఒక్క పిట్టా లేదు. గంటన్నర గడిచింది. డబ్బాలు ఇరవైకి ఇరవై ఖాళీ.

ఇక పంచనామా రాయాలి. పట్టుబడినా రాయాలి, పట్టుబడకపోయినా రాయాలి. ఏం రాయాలో తోచక పరశురాములు శంకరవ్వనే అడిగాడు. ఉన్నది రాయమంది. అతను రాశాడు. 'సదరు కోళ్లు నీటిపై ఈదుచూ, నీటిలో మునుగుచూ ఉండగా చూచితిమి. సిబ్బంది సమీపించగా ఎగిరిపోయినవి. ఒక్కటియు పట్టుబడలేదు.' సాక్షులుగా అంజి తెలుగులో, సక్కుబాయి మరాఠీలో సంతకాలు పెట్టారు. వ్యాను ఎక్కబోతూ పరశురాములు వెనక్కి వచ్చాడు.

"అత్తా, ఇవి ఊరకోళ్లు గావని నాకెర్కే. అడివి పిట్టలను నాయి అంటే కేసయితది. జైలు గూడ ఉంటదట. నాయి గావని ఒక్క ముక్క రాసియ్యి, నేను ఆఫీసుల ఇచ్చుకుంట."

"రాసిస్త బిడ్డా. తెల్లారి టిప్పర్లు రావని నువ్వు రాసిస్తవా?"

పరశురాములు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. చేతిలో పంచనామా ఉంది గనుక దాన్ని ఆఫీసులో ఇవ్వక తప్పదు. ఇచ్చాక దాని జత కాగితం కోసం వెతికారు. ముద్ర ఉన్న శంకరవ్వ జవాబు బయటపడింది. స్వయంగా వినాలని ఆమె అడిగింది, వినకుండానే వ్యాను పంపారు. మరుసటి సోమవారం పదకొండున్నరకు విచారణకు రమ్మని కబురు వచ్చింది.

ఆదివారం శంకరవ్వ చేసిన పని ఒక్కటే. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా కుంగుడు దగ్గర కూర్చుని లెక్క మళ్లీ పెట్టింది. వల విసిరిన రోజు తర్వాత బొల్లికోళ్లు కొన్ని పోయాయి. రెండు వందల ముప్పై ఎనిమిది ఉన్నాయి. జంబుకోళ్లలో రెండు తేలలేదు. అవి తేలేదాకా ఆమె లేవలేదు. హనుమండ్లు ఇంట్లో ఒంటరిగా కూర్చుని, తన భార్య జైలుకు పోతే తనకు వండేది ఎవరన్న సంగతి సక్కుబాయితో చర్చించాడు. శంకరబాయి జైలుకు పోతే అక్కడి పావురాలన్నిటినీ లెక్క రాసి, జైలరుకు అప్పజెప్పి వస్తుందని సక్కుబాయి అంది. అతనికి నవ్వు రాలేదు.

సోమవారం కమిషనర్ గదిలోకి శంకరవ్వను ఒక్కదాన్నే పిలిచారు. మొగిలిని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. కమిషనర్ అలేఖ్యకు ముప్పై అయిదేళ్లు ఉంటాయి, ఆ ఊరికి వచ్చి ఎనిమిది నెలలు. ఎదుట నాలుగు కాగితాలు పరిచి ఉన్నాయి. సర్వే రిపోర్టు, నోటీసు, శంకరవ్వ జవాబు, పంచనామా. పక్కన సీనియర్ అసిస్టెంట్ కోమల విచారణ రాసుకోవడానికి కూర్చుంది.

అలేఖ్య కసరలేదు. మర్యాదగానే మాట్లాడింది. ఎక్కడో పొరపాటు జరిగిందని తనకు అర్థమైందని, ఇవి పెంపుడు కోళ్లు కావని పంచనామా చదివితేనే తెలుస్తోందని చెప్పింది. ఈ వయసులో ఆమెను ఆఫీసుల చుట్టూ తిప్పడం తనకు ఇష్టం లేదంది. ముందే టైపు చేయించిన ఒక కాగితం తిప్పి ముందుకు జరిపింది. సదరు కోళ్లు నావి కావు, వాటితో నాకు సంబంధం లేదు. కింద సంతకానికి చోటు.

సంబంధం అన్న మాట దగ్గర శంకరవ్వ వేలు ఆగింది. కాగితాన్ని వచ్చిన దారినే వెనక్కి జరిపింది.

అలేఖ్య రెండో సంగతి చెప్పింది. గొంతు మారలేదు. వీటిని తనవి అని శంకరవ్వ రాసి సంతకం చేసింది. అడవి పక్షులను పట్టుకుని పెంచడం వన్యప్రాణుల చట్టం కింద నేరం. తనవే అన్న మాట మీద ఆమె నిలబడితే తను చూస్తూ ఊరుకోవడానికి వీల్లేదు, కేసుకు పంపాల్సి వస్తుంది.

"ఆలోచించుకోండి అమ్మా. నావి కావు అంటే ఇప్పుడే ఇంటికి పోవచ్చు."

"నేను ఇంటికి పోత మేడం. అవి యాడికి పోవాలె?"

అలేఖ్య వెనక్కి వచ్చిన కాగితాన్ని మళ్లీ ముందుకు జరిపింది.

"నాయి గావంటె సంబంధం లేదని పూడుస్తరు. నాయే అంటె జైలంటున్నరు. సరే, నాయే. కేసు వెట్టున్రి," అంది శంకరవ్వ. "పెట్టేటప్పుడు ఏం పిట్ట అని రాస్తరు? కోడి అని రాస్తె కేసు నిలవది. ఊరకోడిని పెంచుకునుడు నేరం గాదు. అడివి పిట్ట అని రాస్తె, గా సర్వే కాగితంల అడివియి ఏం లెవ్వని ఎట్ల రాసిన్రు? రెండిట్ల ఏదో ఒకటే నిజముంటది. ఏది రాస్తరో మీ ఇష్టం. నేను రెండిటికీ సంతకం పెడుత."

అలేఖ్య సర్వే రిపోర్టును దగ్గరికి లాక్కుని మూడో పేజీ తీసింది. అడవి జీవాలు అన్న ఖాళీ గడి, దాని కింద సర్వే కంపెనీ ముద్ర, దాని పక్కన మున్సిపాలిటీ తరఫున అంగీకారం తెలిపిన సంతకం. ఆ సంతకం తనదే. పంచనామాను దాని పక్కన పెట్టి మళ్లీ చదివింది. నీటిలో మునుగుచూ, ఎగిరిపోయినవి. ఇద్దరు సాక్షులు. ఈ రెండు కాగితాలు ఒకే ఫైలులో ఉన్నాయి. ఫైలు నంబరు పడింది, పేజీలకు నంబర్లు పడ్డాయి. ఇక ఏ కాగితమూ బయటికి జారే వీలు లేదు.

"మీకు ఈ సలహా ఎవరిచ్చారు?" అని అడిగింది.

"ఎవలిస్తరు మేడం. మీ నోటీసు నాలుగు పూటలు చదివిన."

కోమల పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. కాసేపటికి ఆమే అడిగింది. "మేడం, ఏం కోడని రాయాల్నో?"

అలేఖ్య కిటికీ వైపు చూసింది. తర్వాత శంకరవ్వ చెప్పినట్టు రాయమంది.

శంకరవ్వ చెప్పింది. తొందరపడలేదు. బొల్లికోడి, రెండు వందల ముప్పై ఎనిమిది, చలికాలం వలస వచ్చేది, నిన్నటి లెక్క. జంబుకోడి, ముప్పై, ఇక్కడే గుడ్లు పెడుతుంది. నీలికోడి, తామరకోడి, మునుగుడు కోడి. నీటికాకి అని చెప్పినప్పుడు, అది కాకి కాదని, చేపను తినే వేరే పిట్ట అని విడిగా రాయించింది. సర్వే రోజు అరుణ్ వినకుండా వెళ్లిన పేర్లూ చెప్పింది. తీతువు, లకుముకి, ఉల్లంకి, గిజిగాడు, చిత్తకొంగ. కోమల చేయి నొప్పి పుట్టి ఒకసారి విదిలించుకుంది. పేజీన్నర నిండింది. మొత్తం నలభై మూడు పేర్లు. అలేఖ్య ఒక్కచోట కూడా ఆపలేదు.

చివర అలేఖ్య తన చేత్తో మూడు వాక్యాలు రాసింది. పై జీవాలు పెంపుడువా, అడవివా తేల్చడానికి ఫైలును అటవీశాఖకు పంపాలి. తేలేవరకు స్థలాన్ని కాంట్రాక్టరుకు అప్పగించరాదు. నోటీసు గ్రహీత తన మాట మీద నిలబడినందున ఆమెపై చర్యను కూడా వాళ్ల జవాబు తర్వాతే పరిశీలించాలి. సంతకం చేసి తల ఎత్తింది.

"పని ఆగింది, రద్దు కాలేదు. అది వేరు, ఇది వేరు. కేసు మాత్రం మీ మీదికి నిజంగానే రావచ్చు. తెలుసు కదా?"

"రానియ్యిన్రి," అంది శంకరవ్వ. "నాకు గా కాగితం నకలు గావాలె. ముద్ర ఏసి."

నకలు రేపు ఇస్తామన్నారు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. తర్వాతి విచారణకు వచ్చినవాళ్లు తలుపు దగ్గర నిలబడ్డారు. నీళ్ల పైపు పంచాయితీ అన్నదమ్ములు ఇద్దరు లోపలికి తొంగిచూసి పోయారు. పదిహేను నిమిషాలకు అలేఖ్య కోమలకు సైగ చేసింది. జిరాక్స్ తీసి, ముద్ర వేసి, కౌంటరు దగ్గర చేతికిచ్చారు. మొగిలి బెంచీ మీది నుంచి లేచి వచ్చాడు, ఇక పోదామన్నాడు.

శంకరవ్వ కౌంటరు దగ్గరే నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ పై నుంచి చదవడం మొదలుపెట్టింది. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. ఎనిమిదో వరుస దగ్గర ఆగింది. కోమల చేతిరాతలో జంబుకోడి జంబోకోడి అయింది.

కొట్టేసి సరిగ్గా రాయమంది. అంత చిన్న తప్పుకేమైతుందని కోమల విసుక్కుంది. కోళ్లు అని రాసిన చిన్న తప్పుకే తను ఇక్కడి దాకా వచ్చానని శంకరవ్వ చెప్పింది. కోమల అసలు కాగితం తెప్పించి, ఓత్వం కొట్టేసి, కొమ్ము దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టింది. నకలులోనూ అదే చేసింది. శంకరవ్వ తొమ్మిదో వరుసకు వెళ్లింది.